కొట్టిన సూర గాలానికి చిక్కడం లేదు: ఒక బోటు కేస్ స్టడీ

ఈ కేసు ఉత్తరాంధ్ర తీరంలోని ఒక రేవుది. బోటును, ఊరిని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు, ఎర కట్టిన తీరు, జరిగిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. సూర (ట్యూనా చేప) వేటకు వెళ్లే చాలా బోట్లలో ఇదే ఇబ్బంది ఉంది. ఎరను చేప కొడుతుంది, గాలానికి తగలదు. తగిలినా బోటు దాకా రాదు. వెంటనే గాలం చిన్నదనో, తాడు లావనో ఏదో ఒకటి మార్చేస్తారు. ఈ బోటులోనూ మొదట అదే జరిగింది.

నేపథ్యం

తొమ్మిదిన్నర మీటర్ల ఫైబర్ బోటు, లోపలే బిగించిన డీజిల్ ఇంజను, సరంగుతో (బోటు నడిపే పెద్దతో) కలిపి ఐదుగురు. అంతకుముందు వీళ్ల సూర వేటంతా ఇంజను ఆపి, గాలపు తాడు చేత్తో దించి చేసేదే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్లాస్టిక్ ఎరలు వెనక లాగుతూ నామాల సూరలు (స్కిప్‌జాక్) పట్టేవారు. ధర పలికే పసుపు రెక్కల సూర, అంటే ఎల్లోఫిన్, ప్లాస్టిక్ ఎర వెనక కాసేపు వచ్చి తిరిగిపోతోందని గమనించి, నిజమైన చేపనే ఎరగా లాగుదామని నిర్ణయించుకున్నారు. దీన్నే ట్రోలింగ్ అంటాం. వల ఈడ్చే ట్రాలింగ్‌తో దీనికి సంబంధం లేదు.

బోటుకు రెండు పక్కలా రెండు వెదురు బొంగులు కట్టి వాటి నుంచి రెండు తాళ్లు, అమరం, అంటే బోటు వెనక భాగం, నుంచి మరో రెండు, మొత్తం నాలుగు తాళ్లు వేశారు. అసలు తాడు 2 మి.మీ. నైలాన్. దాని చివర, గాలాన్ని కట్టే మూడు బారల తాడు ముక్క, అంటే లీడరు, 1.5 మి.మీ. మందం. గాలం మామూలు జె ఆకారంలో, 8/0 సైజు. ఎర 18 నుంచి 22 సెంటీమీటర్ల కానాగంత, అంటే మాకెరల్ చేప. వేగం 6.5 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లు.

సమస్య

నాలుగు వేటల్లో జరిగిన ప్రతి దెబ్బనూ సరంగు నోటుబుక్కులో రాసి ఉంచాడు. ఈ కేసు ముడి విప్పింది ఆ నోటుబుక్కే. మొత్తం 17 దెబ్బలు. 6 సార్లు ఎర తోక తెగి వచ్చింది. 7 సార్లు ఎర నలిగి వచ్చింది, గాలానికి ఏమీ తగల్లేదు. 4 సార్లు చేప తగిలింది, వాటిలో రెండే బోటులోకి వచ్చాయి. దెబ్బలు లేని సమయాల్లో కూడా ఎర అరగంటకే పొట్ట పగిలి పీచుపీచయ్యేది. రేవుకు వచ్చేసరికి తాళ్లన్నీ మెలికలు పడి ఉండేవి.

సరంగు ఆలోచన ఒక్కటే: "సేప తోకే కొడతందండి. గాలం ముందెక్కడో ఉన్నాది. ఎనక్కి జరపాల."

వినడానికి సబబుగానే ఉంది. కానీ తెగిన ఎరలు, నలిగిన ఎరలు రెండూ ఒకే చేప పని అనుకోవడం దగ్గరే తప్పు దొర్లింది.

మొదట చేసినవి, పనిచేయనివి

మేము సలహా ఇవ్వడానికి వెళ్లేసరికి వాళ్లే మూడు మార్పులు చేసి చూశారు. నాలుగోది మా సలహా మీద జరిగింది. నాలుగూ విఫలమయ్యాయి. ఎందుకు విఫలమయ్యాయో చెప్పుకుంటేనే తర్వాత చేసినవి అర్థమవుతాయి.

పెద్ద గాలం: "పెద్దదేస్తే ఒదల్దు మావా" అని కుర్ర కళాసీ ఒకడు అనడంతో 8/0 బదులు 10/0 వేశారు. ఆ గాలం కమ్మీ లావు. చేతి తాడుతో లాగేటప్పుడు లావు కమ్మీ దవడలో దిగాలంటే ఎక్కువ బలం కావాలి. పైగా చిన్న కానాగంత పొట్టలో అంత ఇనుము పడితే ఎర ఈదదు, బరువు పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతుంది. మెలికలు ఇంకా పెరిగాయి.

తోక గాలం: మొదటి గాలానికి చిన్న తాడుతో రెండో గాలం కలిపి తోక దగ్గర గుచ్చారు. కానాగంత తోక ఊగితేనే అది బతికున్న చేపలా కనిపిస్తుంది. అక్కడ ఇనుము గుచ్చితే తోక బిగుసుకుపోతుంది. దెబ్బలే తగ్గిపోయాయి. చేత్తో లాగే వేటలో ఇది ప్రమాదం కూడా. ఒక గాలానికి తగిలిన 20 కిలోల చేప బోటు పక్కన తల విదిలిస్తుంటే, రెండో గాలం ఎవరి అరచేతిలో దిగుతుందో చెప్పలేం. ఏ బోటులోనూ ఈ పద్ధతి మేము ఒప్పుకోం.

వేగం తగ్గించడం: 4 నాట్లకు తగ్గించారు. ఎర ఎక్కువసేపు నిలిచింది, తిరగడం తగ్గింది. దెబ్బలు కూడా తగ్గాయి. అయితే ఆ రోజే తాళ్ల పొడవు కూడా మార్చారు కాబట్టి దెబ్బలు వేగం వల్ల తగ్గాయో, పొడవు వల్ల తగ్గాయో తేల్చలేకపోయాం. ఆ వేట నుంచి నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత ఒక వేటలో ఒకటే మార్పు అని నియమం పెట్టుకున్నాం.

సన్న లీడరు: ఇది మా సలహా. పసుపు రెక్కల సూర చూపు చాలా చురుకు, తేట నీళ్లలో లావు తాడును గమనిస్తుంది. అందుకని 0.9 మి.మీ. లీడరు వేయమన్నాం. దెబ్బలు పెరిగాయి. కానీ తగిలిన ఒకే ఒక్క మంచి చేప పోయింది. తాడు చివర చూస్తే తెగలేదు, నున్నగా జారిన గీత మాత్రం ఉంది. తాడును గాలానికి బిగించే అల్యూమినియం గొట్టాలు, అంటే స్లీవులు, 1.5 మి.మీ. తాడుకు కొన్నవే వాడారు. వదులు గొట్టంలో సన్న తాడు ఎంత నొక్కినా నిలవదు. తాడు మారిస్తే స్లీవు కూడా మారాలని చెప్పకపోవడం మా లోపమే.

తిరిగొచ్చిన ఎర ఏం చెప్పింది

ఐదో వేట నుంచి పాడైన ఏ ఎరనూ సముద్రంలో పారేయొద్దని చెప్పాం. ఏ తాడుదో గుర్తుగా దారం కట్టి ఐస్ పెట్టెలో దాచి తెచ్చారు. రేవులో ఒక చెక్క మీద వరుసగా పేర్చితే విషయం కళ్లకు కట్టినట్టు కనిపించింది.

తోక తెగిన ఎరలు ఒక రకం. కోత కత్తితో కోసినట్టు నున్నగా, ఏటవాలుగా ఉంది. వెన్నెముక కూడా ఒక్క వేటుకే తెగింది. సూర పళ్లు చిన్నవి, ఇలా కోయలేవు. సూర ఎరను మింగడానికే చూస్తుంది. 20 సెంటీమీటర్ల కానాగంత దానికి ఒక్క గుక్క. ఈ కోత కోనాం, అంటే వంజరం చేప, పని. నోటుబుక్కు తిరగేస్తే ఆరింటిలో ఐదు కోతలు లోతు మొదలయ్యే అంచు దగ్గర, బోటు వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో జరిగినవే. అంటే తోక గాలం కట్టింది సూర కోసం కాదు, తెలియకుండానే కోనాం కోసం కట్టారు. కోనాం కావాలంటే దానికి ఉక్కు తీగ లీడరు వేరే వేసుకోవాలి. సూర కట్టును దానికోసం చెడగొట్టకూడదు.

నలిగిన ఎరలు రెండో రకం. తల వెనక పొలుసు రాలి, కండ మెత్తబడి, చర్మం మీద గరుకు కాగితంతో రుద్దినట్టు గుర్తులు. ఇవి సూరవి. చేప ఎరను పూర్తిగా నోట్లోకి తీసుకుంది, వదిలేసింది. కాబట్టి గాలం ముందుందా వెనకుందా అన్న ప్రశ్నకే అర్థం లేదు. నోట్లోకి వెళ్లిన గాలం ఎందుకు పట్టలేదన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు పొట్ట దగ్గరి గాటులో దొరికింది. గాలం బయటికి రావడానికి పొట్ట కింద పెట్టే గాటు సెంటీమీటరు ఉండాలి. దాచి తెచ్చిన నలిగిన ఎరల్లో ఒకటి తప్ప అన్నిటిలో ఆ గాటు తల వైపుకు చిరిగి మూడు సెంటీమీటర్లయింది. చేప ఏదీ కొట్టకుండా పగిలిపోయిన ఎరల్లోనూ అదే చిరుగు. గాటు తల వైపు చిరిగిందంటే అర్థం ఒకటే: తాడు లాగుడంతా గాలం వంపు మీద, అక్కణ్ణుంచి పొట్ట మీద పడుతోంది. ఎరను నోటితో లాగాల్సింది పోయి పొట్టతో లాగుతున్నారు. అలా లాగితే ఎర మధ్యకు ముడుచుకుంటుంది, ముడుచుకున్నది తిరుగుతుంది, తిరిగితే తాడు మెలికపడుతుంది. గాటు చిరిగేకొద్దీ గాలం ముందుకు జరిగి, మొన పొట్ట కండలో మళ్లీ గుచ్చుకుంటుంది. చేప నోట్లో పడ్డప్పుడు మొన బయట లేదు, కానాగంత కండలోనే దాగి ఉంది. మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే అన్నమాట.

మిగిలిన ఆ ఒక్క ఎరలో గాటు బాగానే ఉంది. దాని గాలం మొనను బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనిస్తే గుచ్చుకోకుండా జారిపోయింది. మొద్దుబారిన గాలం. దానికి మందు ఆకురాయి.

ఎర కట్టు మార్పు

ముందు ఎర గట్టితనం. మంచినీళ్ల ఐస్ కరిగి ఎరకు తగిలితే కండ ఉబ్బి మెత్తబడుతుంది, కళ్లు తెల్లబడతాయి. 40 లీటర్ల పెట్టెలో సగం దాకా పగలగొట్టిన ఐస్, ఎర మునిగేంత సముద్రపు నీళ్లు, 2 కిలోల కళ్లుప్పు, గుప్పెడు వంట సోడా వేసి కలిపి అందులో కానాగంతల్ని 5 గంటలు ఉంచాం. కండ బిగుస్తుంది, మెరుపు పోదు. ఒకసారి రాత్రంతా పొడి ఉప్పులో పెట్టి తెచ్చారు. అవి ఉప్పుచేపల్లా బిగుసుకుపోయి నీటి మీద చెక్కముక్కల్లా ఎగిరాయి. బిగువు ఉండాలి, వంగే గుణం పోకూడదు.

కట్టడానికి కావలసినవి: సైకిల్ పుల్లను అరగదీసి చేసిన 15 సెంటీమీటర్ల సూది, మైనం పట్టించిన చెప్పులు కుట్టే దారం, 20 గ్రాముల సీసం గుండు, పదునైన చిన్న కత్తి. లీడరు 1.2 మి.మీ., దానికి సరిపోయే స్లీవులు. 0.9 మి.మీ. వేస్తే దెబ్బలు ఇంకాస్త ఎక్కువ పడేవే, కానీ చేతి తాడు మీద 30 కిలోల చేప బోటు కిందికి దూరితే ఆ తాడుకు నిలిచే బలం లేదు. అందుకే మధ్యస్థంగా వెళ్లాం. స్లీవును నొక్కేటప్పుడు రెండు చివర్లూ కొద్దిగా వదిలి మధ్యలోనే నొక్కాలి. చివరిదాకా నొక్కితే ఆ అంచే తాడును కోస్తుంది.

బొటనవేలితో తల నుంచి మలద్వారం దాకా పొట్టను మెల్లగా నొక్కి లోపలి మలినం తీసేయాలి. అది లోపల ఉంటే ముందు పగిలేది అక్కడే. తర్వాత తోక వైపు నుంచి మొదలుపెట్టి వెన్నెముకను అటూ ఇటూ వంచితే కీళ్లు టకటకమని వదులవుతాయి. నాలుగైదు చోట్ల చాలు, చర్మం చిట్లకూడదు.

గాలాన్ని చేప పక్కన ఆనించి పెట్టి, వంపు పొట్ట మీద ఎక్కడికి వస్తుందో చూసి అక్కడ గాటు పెట్టాలి. గాటు సరిగ్గా పొట్ట నడిమి గీత మీదే పడాలి. ఒక గింజంత పక్కకు పోయినా ఎర తిరుగుతుంది. లీడరు రెండో చివరను సూదికి ఎక్కించి గాటు లోంచి గొంతు మీదుగా నోటి నుంచి బయటికి లాగితే, వెనకే గాలం కాడ లోపలికి వెళ్లి వంపు, మొన బయట మిగులుతాయి. మొనకూ పొట్టకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. గాలం అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. అంకె చూసి కాదు, ఈ సందు చూసి గాలం ఎంచుకోవాలి.

ఇప్పుడు అసలు పని, ముక్కు కట్టు. సీసం గుండును లీడరుకు ఎక్కించి గడ్డం కిందికి తేవాలి. అది పడవకు అడుగు బరువులా పనిచేసి ఎర పొట్టను కిందికే ఉంచుతుంది. దారంతో కింది దవడ నుంచి పై దవడకు, కళ్లకు ముందుగా, నడిమి గీత మీద కుట్టి, ఆ దారాన్ని లీడరుకు మూడు చుట్లు చుట్టి ముడి వేయాలి. ముడి బిగించే ముందు గాలాన్ని వెనక్కి, అంటే తోక వైపుకు, అర సెంటీమీటరు నెట్టి పెట్టాలి. ఆ అర సెంటీమీటరు వదులే లాగుడును ముక్కు మీదికి తెస్తుంది. చివరగా మొప్పల మూతల మీదుగా ఒక చుట్టు దారం వేయాలి. మొప్పలు తెరుచుకుంటే నోట్లోంచి నీళ్లు దూరి పొట్టను బెలూనులా ఉబ్బిస్తాయి.

పరీక్ష రెండు నిమిషాల పని. లీడరు పట్టుకుని ఎరను గాలిలో వేలాడదీయాలి. సరిగ్గా కట్టిన కానాగంత ముక్కు నుంచి తోక దాకా నిలువుగా వేలాడుతుంది, గాటు దగ్గర చర్మం వదులుగా ఉంటుంది. తప్పుగా కట్టింది అరటికాయలా వంగుతుంది, గాటు ముందంచు గాలానికి ఆనుకుని తెల్లగా సాగుతుంది. వంగినదాన్ని నీళ్లలో వేయకుండా దారం కోసి మళ్లీ కట్టాలి. తర్వాత బోటు పక్కన ఒక బార దూరంలో ఒక నిమిషం లాగి చూడాలి. తోక ఊగాలి, తెల్లని పొట్ట పైకి కనిపించకూడదు. మొదటి రోజు కట్టిన పన్నెండు ఎరల్లో ఐదింటిని విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. కొత్త కట్టుతో మూడో వేటకు కళాసీలే ఒక ఎరను నాలుగు నిమిషాల్లో కట్టారు.

బొంగు తాళ్లకు వేరే గాలం

అమరం తాళ్లు పొట్టివి, 12 బారలు, 18 బారలు. వాటికి పైన చెప్పిన జె గాలం కట్టే ఉంచాం. బొంగు తాళ్లు 25, 32 బారల దూరంలో ఉంటాయి. అక్కడ ఇంకో నిర్ణయం అవసరమైంది. తాడు బిగువుగా ఉంటే చేప ఎరను మింగేలోపే బోటు వేగానికి ఎర నోట్లోంచి ఊడివస్తుంది. అందుకని బొంగు చివర నుంచి వచ్చే తాడులో మూడు బారలు మడతపెట్టి, ఆ మడతను సన్న నూలు దారంతో కట్టాం. చేప కొట్టగానే నూలు తెగి మూడు బారల తాడు వదులవుతుంది, చేపకు మింగే వ్యవధి దొరుకుతుంది.

అయితే ఆ వ్యవధిలో జె గాలం గొంతులోకి దిగుతుంది. తినే చేపే కదా, గొంతులో తగిలితే ఏమిటని సరంగు అడిగాడు. నష్టం చేపకు కాదు, తాడుకు. గాలం గొంతులో ఉంటే లీడరు దవడ అంచు మీదుగా వెళ్లి, పోరాడినంతసేపూ పళ్లకు రాసుకుంటుంది. మొదటి నాలుగు వేటల్లో పోయిన రెండు చేపల్లో ఒకదాని లీడరు చివర రెండు జానల మేర తెల్లగా గరుకెక్కి ఉండటానికి కారణం అదే. అందుకే బొంగు తాళ్లకు సర్కిల్ గాలం, అంటే మొన కాడ వైపుకు గుండ్రంగా వంగిన గాలం, వేశాం. అది గొంతు నుంచి జారి వచ్చి దవడ మూలన పట్టుకుంటుంది, తాడు బయటే ఉంటుంది.

సర్కిల్ గాలాన్ని పొట్టలో దాచకూడదు. మొన లోపలికి వంగి ఉంటుంది కాబట్టి ఎర కండే ఆ సందును నింపేస్తుంది. ముక్కు మీద దారంతో చిన్న ఉంగరం కుట్టి, గాలాన్ని ఆ ఉంగరంలోంచి దూర్చి తల పైన బయటే ఉంచాం. మొన పక్కకు తిరగని, ఒకే తలంలో ఉన్న గాలమే తీసుకున్నాం. అన్నిటికంటే కష్టం మనుషుల అలవాటు మార్చడం. దెబ్బ తగలగానే తాడు గుంజడం వాళ్ల చేతుల్లో ఇంకిపోయింది. గుంజితే సర్కిల్ గాలం పట్టకుండానే నోట్లోంచి బయటికి వస్తుంది. అందుకే తాడు మొదట్లో లారీ ట్యూబు రబ్బరును మూడు పేటలుగా కట్టి, "రబ్బరు సాగి ఆగేదాకా తాడు ముట్టుకోవద్దు" అని చెప్పాం. నడుస్తున్న బోటు, సాగే రబ్బరు కలిసి గాలాన్ని నిదానంగా దిగేలా చేస్తాయి. ఆ తర్వాత తొడుగులు వేసుకుని లాగాలి. తాడును అరచేతికి చుట్టుకోవడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ కూడదు.

వేగం 5.5 నాట్ల దగ్గర నిలిపాం. ప్రతి ఎరనూ బోటు వెనక లేచే కెరటం ముందు వాలు మీద, ఇంజను తెల్లనురుగు దాటాక ఉండే తేట నీళ్లలో పెట్టాం. మలుపులు వెడల్పుగా తిప్పాలి, లేకపోతే లోపలి వైపు ఎరలు మునిగి తాళ్లు కలుస్తాయి.

ఫలితం

తర్వాతి ఐదు వేటల్లో 15 దెబ్బలు. 4 ఎరల తోకలు తెగాయి, 2 నలిగి వచ్చాయి, 9 చేపలు తగిలాయి, 7 బోటులోకి వచ్చాయి. పోయిన రెండూ బోటు పక్కన కొక్కెం వేసే తొందరలో పోయినవే. కొక్కెం లీడరుకు తగిలి చేప జారింది. లెక్క చిన్నది, ఈలోగా నెల కూడా మారింది. చేపల మంద మారి ఉండొచ్చు కాబట్టి దెబ్బల సంఖ్యను మేము లెక్కలోకి తీసుకోం. నలిగి వచ్చినవి ఏడు నుంచి రెండుకు తగ్గడం, ఎర అరగంట బదులు రెండు గంటలు నిలవడం, తాళ్లలో మెలికలు పోవడం మాత్రం, వేగం తగ్గడం కొంత తోడై ఉన్నా, ప్రధానంగా కట్టు వల్లే అని చెప్పగలం. ఎందుకంటే తిరిగొచ్చిన ఎరల్లో గాటు తల వైపు చిరిగింది ఒక్కటే, అది కూడా వేలాడదీసి చూడకుండా తొందరలో వేసిన ఎర.

సాటి బోట్లకు చెప్పేవి

పాడైన ఎరను పారేయకండి. కోత నున్నగా ఉందా, నలుగుడు ఉందా, గాటు ఎటు చిరిగింది, మొన కండలో ఉందా బయట ఉందా, ఈ నాలుగూ చూశాకే గాలం మీద చెయ్యి వేయండి. ఈ బోటువాళ్లు పెద్ద గాలాలకూ తోక గాలాలకూ పెట్టిన ఖర్చంతా ఆ నాలుగు చూపులకు ముందు పెట్టిందే.

కానాగంత దొరకని రోజుల్లో ఏం చేయాలని చివర్లో అడిగారు. దానికి ఇప్పుడు నామాల సూర పొట్ట ముక్కతో ప్రయత్నం సాగుతోంది. దారిలో పట్టిన సూర పొట్ట తెల్లని చర్మంతో సహా 20 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, లోపలి కండను 4 మి.మీ. దాకా చెక్కి, ముందు చివరను మొనగా, వెనక చివరను తోకలా చీల్చి రెండు గంటలు ఉప్పునీళ్లలో పెడతారు. ముందు మొనను లీడరుకు కుట్టడం, గాలం దగ్గర గాటు వదులుగా ఉంచడం అదే పద్ధతి. మొదటి వేటలో ఆ పట్టీలు రెండు తిరిగాయి. రెండింటికీ గాటు నడిమి గీతకు బియ్యపు గింజంత పక్కగా పడింది.